నిమిషం నిండేదాకా

ఢంకా టీవీలో ఆ పొద్దున కూడా ఒక విమానం చావు తప్పించుకుంది. ఆ వారంలో అది నాలుగోది.

"గాల్లో నూట డెబ్బై ప్రాణాలు! నేల తాకబోయి మళ్లీ నింగికి! భయాంకం ఎనభై మూడు!" అని యాంకరమ్మ అరుస్తోంది. ఆమె వెనక మంటల బొమ్మ మీద ఒక విమానం నిలువునా కూలుతోంది. నిజానికి ఆ విమానం రెండో ప్రయత్నంలో చక్కగా దిగింది. ప్రయాణికులు సామాన్లు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ ముక్క మాత్రం తెర అడుగున సన్నటి అక్షరాల్లో పరుగెత్తి మాయమైంది. ముందు రోజు ఏసీ గొట్టంలోంచి వచ్చిన ఆవిరిని పొగ అన్నారు. అంతకు ముందు రోజు, వంతు కోసం గాల్లో చుట్టు తిరుగుతున్న విమానం దారి తప్పిందన్నారు.

గన్నవరం రోడ్డు పక్క టీ కొట్టులో ఇది చూస్తూ కూర్చున్నాడు పానకాలరావు. గ్లాసులో టీ సగం చల్లారింది.

"ఆ భయాంకం కనిపెట్టింది మీరేనంట గదా మాస్టారూ?" అంది కొట్టామె. "మా కోడలు టిక్కెట్టు కొనేముందు అదే చూస్తంది. యాభై దాటిన విమానం ఎక్కదు."

"నేనేనమ్మా" అన్నాడాయన, తన పిల్లవాడు ఎదురింటి అద్దం పగలగొట్టాడని ఒప్పుకునే తండ్రిలా.

ఆమె చల్లారిన గ్లాసు తీసేసి, అడక్కుండానే ఇంకో వేడి గ్లాసు పెట్టింది. భార్య పోయిన ఈ నాలుగేళ్లలో పానకాలరావు ఇలాంటివి గమనించడం నేర్చుకున్నాడు. లోకంలో తన గ్లాసు చల్లారిందని చూసే మనిషి ఎవరో ఒకరు ఇంకా ఉంటున్నారు.

ఆయన గుంటూరు కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు ఫిజిక్స్ చెప్పాడు. భార్య సామ్రాజ్యం మంగళగిరిలో నర్సు. పదకొండేళ్ల కిందట ఇద్దరూ మేనకోడలి గృహప్రవేశానికి బెంగళూరు వెళ్లారు. ఇద్దరికీ అదే మొదటి విమానం. కింద ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులు కనిపిస్తున్నాయి, ఇంకేం దిగిపోయాం అనుకుంటుండగా ఇంజన్లు ఒక్కసారి గర్జించాయి. ముక్కు ఎత్తి విమానం మళ్లీ పైకి లేచింది. లోపల కేకలు, దేవుడి పేర్లు. పైలట్ గదిలోంచి మాత్రం పదకొండు నిమిషాల పాటు ఒక్క మాట రాలేదు.

అప్పుడు సామ్రాజ్యం ఆయన మణికట్టు పట్టుకుంది. విమానం రెండోసారి నేల తాకేదాకా వదల్లేదు.

"ఏంటది, వదులు" అన్నాడాయన సిగ్గుపడి.

"ఉండండి, ఇంకా నిమిషం కాలేదు" అంది.

అది ఆస్పత్రిలో ఆమెకున్న అలవాటు. తోటి నర్సులు పదిహేను సెకన్లు నాడి చూసి నాలుగుతో హెచ్చవేసేవాళ్లు. ఆమె మాత్రం గోడ గడియారం వంక చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టేది. వార్డులో వరస పెరిగిపోతోందని పెద్ద నర్సు కసురుకున్నా మానలేదు.

ఆ రోజు ఆమె భయపడి పట్టు వెతుక్కుందని పానకాలరావు అనుకున్నాడు. ఆమె పోయాక, ఖాళీ ఇంట్లో కూర్చుని ఆ పట్టునే తలుచుకుంటూ ఒక యంత్రం ఊహించాడు. సీటు చేతి మీద అరచేతి మేర పల్చటి మెత్త. అది మనిషి నాడిని పట్టుకుంటుంది. విమానంలో ఉన్న నాడులన్నీ కలిపి సున్నా నుంచి వందలోపు ఒక అంకెగా పైలట్ ముందున్న చిన్న పెట్టె మీద చూపిస్తుంది. వెనక గుండెలు కొట్టుకుంటున్నాయని ముందు కూర్చున్నవాడికి తెలిస్తే చాలు, మైకు తీసుకుని రెండు మాటలు చెబుతాడు. ఆయన కోరింది అంతే. దానికి ఊరట అని పేరు పెట్టాడు.

కృష్ణవేణి ఎయిర్‌వేస్ వాళ్లు దాన్ని పదకొండు విమానాల్లో బిగించారు. మొదటి ఆరు నెలలు అలాగే జరిగింది. అంకె నలభై దాటగానే పైలట్లు మాట్లాడేవారు. "గాలి కాస్త కుదుపుతోంది, ఐదు నిమిషాల్లో సర్దుకుంటుంది" అనేవారు. పోరంకి నుంచి ఒకావిడ పోస్టు కార్డు మీద ఉత్తరం రాసింది, ఇప్పుడు విమానంలో నిద్ర పడుతోందని. ఆ కార్డు ఆయన పర్సులో ఉంది.

తరవాత ఆ కంపెనీ వాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. ఆ అంకెకు భయాంకం అని పేరు మార్చి టిక్కెట్లు అమ్మే యాప్‌లో పెట్టారు. తక్కువ అంకె పైలట్ల ఫొటోలకు పూలదండలు వేశారు. అరవై దాటినవాళ్లను సంజాయిషీ అడిగారు. ఢంకా టీవీకి అది పండగైంది. ప్రతి విమానం పక్కనా ఒక అంకె, ఆ అంకె పక్కన ఒక మంట.

ఆయన టీ ముగించి, ఊరట కోసం పక్క సందులో తెరిచిన తన చిన్న లాబొరేటరీలోకి వెళ్లేసరికి ఇంతియాజ్ కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. కాలేజీలో ఆయన శిష్యుడు. ఇప్పుడు లెక్కలన్నీ అతని చేతి మీదే. మామూలుగా మాస్టారు రాగానే కుర్చీ లాగి నవ్వేవాడు. ఇవాళ లేవలేదు.

"సార్, ఇది చూడండి. విమానం దిగేటప్పుడు ఏదన్నా కుదరకపోతే మళ్లీ పైకి లేస్తారు గదా, గో-అరౌండ్. మామూలుగా వెయ్యి సార్లు దిగితే రెండు మూడు ఉంటయ్. మన పెట్టె ఉన్న పదకొండు విమానాల్లో ఇప్పుడు అర కూడా లేదు."

"మంచిదేగా?" అన్నాడు పానకాలరావు.

"నేనూ అట్టానే అనుకున్నా సార్. కానీ గాలి మారలేదు, వాన మారలేదు. రన్‌వే మీద ఆలస్యంగా నేల తాకినవి రెట్టింపైనయ్. చక్రాలు గట్టిగా గుద్దినవి కూడా." ఇంతియాజ్ గొంతు తగ్గించాడు. "పైకి లేవాల్సినోళ్లు లేవట్లేదు సార్. అంకె పెరిగిద్దని దించేస్తన్నారు."

పానకాలరావు కాగితం మీది గీతను వేలితో తడిమాడు. నున్నగా, చల్లగా కిందికి జారుతోంది. ఎక్కడా ఒక ప్రాణం పోలేదు. ఇంకా పోలేదు, అంతే.

"శుక్రవారం కంపెనీతో సంతకం గదా సార్, మిగతా విమానాలన్నిటికీ పెట్టెలు పెట్టడానికి?"

"అవును. అంతకుముందు నేను ఒకసారి ముందు సీట్లో కూర్చుని చూడాలి."

బుధవారం మధ్యాహ్నం, గన్నవరం నుంచి విశాఖ వెళ్లే విమానంలో, ప్రత్యేక అనుమతితో పైలట్ల వెనక చిన్న మడత సీటులో కూర్చున్నాడు. ఎడమ సీటులో కెప్టెన్ ఎస్తేరు. బాపట్ల అమ్మాయి. ముప్పై అయిదేళ్లుంటాయి.

"రండి మాస్టారూ. మా కాలేజీలో కూడా మీ నోట్సే చదివాం. అందుకే ఫిజిక్స్ వదిలేసి ఇట్టా వచ్చా" అంది బెల్టు బిగిస్తూ. కో-పైలట్ నవ్వాడు. "ఒకటే నియమం. పది వేల అడుగుల కిందికి దిగాక మీరు ఒక్క మాట మాట్లాడకూడదు. దగ్గొచ్చినా మింగెయ్యాలి."

"సరేనమ్మా. మా పెట్టె నీకు పనికొస్తోందా?"

ఆమె భుజం మీంచి వెనక్కి చూసింది. "పోయిన వారం సంజాయిషీ కాగితం వచ్చింది. మేఘంలో కుదుపుకి అరవై ఆరు. మేఘానికివ్వాల్సిన కాగితం నాకిచ్చారు."

ఆయన వంగి తన బెల్టు కూడా బిగించుకున్నాడు.

విశాఖ దగ్గర పడేసరికి సముద్రం మీంచి గాలి అడ్డంగా కొడుతోంది. రన్‌వే ఎదురుగా బూడిదరంగు రిబ్బనులా ఉంది. ఎస్తేరు చేతులు చిన్నచిన్నగా కదులుతున్నాయి, జల్లెడ పట్టే మనిషి చేతుల్లా. వేగం పెరుగుతోంది, తగ్గుతోంది. పెట్టె మీద అంకె యాభై ఎనిమిది. విమానం ఒక రెక్క వైపు వాలి సర్దుకుంది. అరవై నాలుగు. అంకె ఎర్రబడింది.

వేగం మళ్లీ హద్దు గీత దాటింది. కో-పైలట్ ఆ సంగతి చెప్పాడు. ఎస్తేరు చూపు రన్‌వే మీంచి పెట్టె మీదికి వెళ్లి వచ్చింది. మళ్లీ వెళ్లింది.

రెండుసార్లు. ఒక్కో చూపుకీ అర సెకను కూడా పట్టలేదు. కానీ ఆ కళ్లు ఉండాల్సిన చోట లేని ఆ కాస్త కాలం పానకాలరావు ఒంట్లో చల్లగా పాకింది. ఈ పెట్టెను అక్కడ పెట్టింది తనే. మాట్లాడకూడదు. ఆయన ముందుకు వంగి, చెయ్యి చాచి, ఎర్రగా మెరుస్తున్న ఆ అంకె మీద అరచెయ్యి కప్పేశాడు.

"గో-అరౌండ్" అంది ఎస్తేరు.

ఇంజన్లు గర్జించాయి. రన్‌వే వాళ్ల కిందినుంచి జారిపోయి, ముందు ఆకాశం ఒక్కటే మిగిలింది. ఇద్దరు పైలట్లూ పొట్టి పొట్టి మాటలు అనుకున్నారు, చక్రాలు లోపలికి వెళ్లాయి. ఎత్తుకు చేరాక ఆమె మైకు అందుకుంది. "గాలి మనం అనుకున్నట్టు లేదండీ. చుట్టూ తిరిగొచ్చి నెమ్మదిగా దిగుదాం. ఇది మేం రోజూ సాధన చేసే పనే. మీరు మాత్రం బెల్టు తియ్యొద్దు." పానకాలరావు చెయ్యి ఇంకా పెట్టె మీదే ఉంది. దాని కింద అంకె ఎంతకు పోయిందో ఆయన చూడలేదు.

పది నిమిషాల తరవాత చక్రాలు నేలను మెత్తగా అందుకున్నాయి. ఆ చప్పుడుకు ఆయన మనసులోనే దణ్ణం పెట్టాడు.

సిబ్బంది వ్యానులో కూర్చునేసరికి ఎస్తేరు ఫోన్ మోగింది. కంపెనీ ఆపరేషన్స్ చూసే ఫణీంద్ర. ఆమె స్పీకరు పెట్టింది.

"ఎనభై ఎనిమిది, కెప్టెన్! ఢంకా వాళ్లు అప్పుడే మొదలెట్టారు. 'మృత్యువు అంచున మహిళా పైలట్' అంట. రేపు పదింటికి వచ్చి రాసివ్వండి."

"వస్తానండి" అంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"మీరు చెయ్యి పెట్టకపోయినా పైకే లేపేదాన్ని మాస్టారూ" అంది. ఫోన్ బోర్లా తిప్పి, "అనుకుంటున్నా. ఈ 'అనుకుంటున్నా' అనేది నా నోట్లోంచి ఇంతకుముందెప్పుడూ రాలేదు."

పానకాలరావుకు మాటలతో ఓదార్చడం రాదు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఆమె మణికట్టు అందుకుని, బొటనవేలి మొదట్లో మూడు వేళ్లు ఆనించి, వ్యానులోని గడియారం వంక చూశాడు.

"ఏందండీ, డాక్టరా మీరు?"

"కాదమ్మా. నర్సు మొగుణ్ణి."

ఆమె నవ్వింది. నాడి మొదట వేగంగా, రాను రాను నెమ్మదిగా నడిచింది. బలంగా, వరస తప్పకుండా కొట్టుకుంటోంది. సామ్రాజ్యం అనేది: పనిలో ఉన్న గుండె వేరు, భయపడ్డ గుండె వేరు. మెట్లెక్కే మనిషి నాడికీ కుక్క తరుముతున్న మనిషి నాడికీ తేడా వేళ్లకు తెలుస్తుంది. ఇది మెట్లెక్కే నాడి.

అది వింటూ వింటూ, తన గుండె కూడా నెమ్మదించిందని ఆయనకు తట్టింది.

వేళ్ల వంక చూసుకున్నాడు. మూడు వేళ్లు, మణికట్టు లోపలి వైపు. పదకొండేళ్ల కిందట సామ్రాజ్యం వేళ్లు సరిగ్గా అక్కడే ఉన్నాయి. భయపడ్డ మనిషి చెయ్యి పట్టుకుంటే అరచేతిని పట్టుకుంటుంది, వేళ్లల్లో వేళ్లు దూర్చి నొక్కుతుంది. ఆమె అలా పట్టుకోలేదు. ఆమె ఆయన నాడి చూసింది. పక్కనున్న మనిషి గుండె మామూలుగా కొట్టుకుంటోందని చూసుకుని, దాని మీద తన భయాన్ని ఆనించి కూర్చుంది. తన భయం ఇంకొకరికి తెలియాలని ఆమె కోరుకోనే లేదు.

"ఎస్తేరమ్మా," అన్నాడు మెల్లగా, "నేను తీగ ఇటునుంచి అటు వెయ్యాల్సింది, అటునుంచి ఇటు వేశాను."

"అర్థం కాలా మాస్టారూ."

"చెబుతా. ముందు నిమిషం కానీ."

మర్నాడు పదింటికి ఎస్తేరుతో పాటు ఆయన కూడా ఫణీంద్ర గదికి వెళ్లాడు. ఇంతియాజ్ గీసిన గీతను బల్ల మీద పరిచాడు. శుక్రవారం సంతకం పెట్టనన్నాడు. ఉన్న పదకొండు పెట్టెలూ తీసెయ్యాలన్నాడు.

"ఏంటి మాస్టారూ, మీ చేత్తో చేసింది మీరే పీకేస్తానంటారా?" ఫణీంద్ర చెడ్డవాడు కాడు, అలిసిపోయినవాడు. "అంకె తీసేస్తే ఢంకా వాళ్లు ఇంకా ఎక్కువ ఊహించుకుంటారు."

"ఊహించుకోనివ్వండి. వాళ్లు ఊహించుకుంటే ఎవరూ చావరు. ఈవిడ చూపు పక్కకు పోతే చస్తారు."

ఫణీంద్ర ఆ గీతను చాలాసేపు చూశాడు. ఆ కాగితాలు విమాన భద్రత అధికారులకు పంపుతున్నానని పానకాలరావు చెబితే అడ్డు చెప్పలేదు. నెల తిరక్కముందే పెట్టెలన్నీ లాబొరేటరీకి తిరిగొచ్చాయి. వాటిని వరసగా బల్ల మీద పెట్టి, ఒక్కోదాని తీగా కత్తిరించాడు. ఎనిమిదోదాని దగ్గర ఆయన చెయ్యి ఆగితే ఇంతియాజ్ మిగతా నాలుగూ తను కత్తిరించాడు. దానికీ ఆయన కృతజ్ఞుడే.

తరవాత పైలట్లను కూర్చోబెట్టి, తీగను తిప్పి వేసి వాళ్ల నాడిని ప్రయాణికుల సీటు చేతికి అందిస్తే ఒప్పుకుంటారా అని అడిగాడు. పెద్ద గొడవైంది. మా గుండె మా సొంతం అన్నారు కొందరు. అది న్యాయమేనన్నాడు. అందుకే పైలట్ మణికట్టుకు ఒక పట్టీ, ఆ పట్టీకి ఒక మీట పెట్టాడు, ఇష్టమున్నవాళ్లే నొక్కుతారు. ఆ నాడి ఎక్కడా నమోదు కాదు. అంకె లేదు, తెర లేదు, కంపెనీకి కబురు లేదు. ముందు పుట్టి, వెనక అరచేతులకు తగిలి, పోతుంది.

మొదటిరోజున ముగ్గురే నొక్కారు. అందులో ఎస్తేరు ఒకతె.

ఎనిమిది నెలల తరవాత ఒక ఉదయం పానకాలరావు మామూలు ప్రయాణికుడిలా విశాఖ విమానమెక్కాడు. పక్క సీటులో రేపల్లె నుంచి వచ్చిన కోటేశ్వరమ్మ, డెబ్బై ఏళ్లావిడ. మొదటిసారి ఎక్కింది. అరటి దవ్వ కట్టిన సంచి ఒళ్లోంచి దించనంటే ఎయిర్ హోస్టెస్‌తో చిన్న యుద్ధమే జరిగింది.

"ఇదేంది అన్నయ్యా, ఈ కుర్చీ చెయ్యి కొట్టుకుంటంది?"

"పైలట్ నాడి అమ్మా అది. అట్టా చెయ్యి ఆనించి ఉంచండి."

ఆవిడ అరచెయ్యి పెట్టి కాసేపు తల వంచి విన్నది, ఇంకో గదిలో పసిపిల్ల నిద్రపోతోందో లేదో వినేదానిలా. "పాపం, పొద్దున్నే లేచినట్టుంది" అంది.

విశాఖలో నేల అందేంత దగ్గరికి వచ్చారు. ముందు దిగిన విమానం రన్‌వే మీంచి ఇంకా పక్కకు తప్పుకోలేదు. ఇంజన్లు గర్జించి ముక్కు పైకి లేచింది. వెనక ఎవరో కెవ్వుమన్నారు. పానకాలరావు కూడా అరచెయ్యి ఆనించాడు. కోటేశ్వరమ్మ రెండు చేతులూ సీటు చేతి మీద వేసింది.

అరచేతి కింద నాడి చురుకైంది. పెరిగింది. బలంగా, ఎడం సమానంగా, మెట్టు తరవాత మెట్టు. పది మెట్లు, ఇరవై. తరవాత మేడ మీదికి చేరిన మనిషిలా నెమ్మదించడం మొదలైంది. వెనక కేకలు కూడా ఒకటొకటిగా తగ్గాయి. మైకులో ఎస్తేరు గొంతు వినిపించింది. ఇవాళ పైలట్ ఎవరో పానకాలరావుకు అప్పుడే తెలిసింది.

"పిల్లకి పని తగిలింది," అంది కోటేశ్వరమ్మ, "చేసుకుంది."

బయట ద్వారం దగ్గర ఢంకా టీవీ మైకు కాచుకుని ఉంది. రిపోర్టరు చెమటలు కక్కుతూ కోటేశ్వరమ్మకు అడ్డం వచ్చాడు.

"అమ్మా, చావు కళ్లముందు కనపడ్డప్పుడు మీకేమనిపించింది?"

"చావా? ఎవరికి నాయనా?"

"మీ విమానం! నేల తాకబోయి లేచింది గదమ్మా! భయంతో వణికిపోయారు గదా?"

"ముందోడు దారిలో అడ్డం ఉంటే ఆగరా ఏంది?" ఆవిడ సంచి పానకాలరావు చేతికిచ్చి, మైకు పట్టుకున్న ఆ చేతి మణికట్టు గబుక్కున పట్టేసింది. "నీదే దడదడలాడతంది. పొద్దున ఏమన్నా తిన్నావా?"

కెమెరా పట్టుకున్నతను ఫక్కున నవ్వాడు. రిపోర్టరు మైకు దించి, "లేదమ్మా" అన్నాడు. అది ఆ రోజు ఢంకాలో రాలేదు. రాకపోతేనేం.

ఆవిడ చెల్లెలు వచ్చి ఆవిణ్ణీ అరటి దవ్వనూ ఆటో ఎక్కించుకుపోయాక, ఎస్తేరు చక్రాల పెట్టె లాక్కుంటూ బయటికొచ్చింది. ఆయన్ని చూసి ఆగింది.

"మీరూ ఉన్నారా మాస్టారూ లోపల? ఎట్టా ఉంది?"

ఆయన చేతులు జోడించాడు. ఒక్క పిల్లకు అంతమంది తరఫునా పెట్టాల్సిన దణ్ణం అది, మరి.

"అయ్యో, అదేంటండీ" అని ఎస్తేరు కంగారుపడి, ఆ చేతులు దింపించడానికన్నట్టు తన ఎడమ చెయ్యి ముందుకు చాచింది, మణికట్టు పైకి పెట్టి. "చూస్తారా?"

పానకాలరావు మూడు వేళ్లు ఆనించాడు. ఎదుట గోడ మీద పెద్ద గడియారం ఉంది. సెకన్ల ముల్లు పదిహేను దాటింది, ముప్పై దాటింది. జనం వాళ్లను తప్పుకుని అటూ ఇటూ పోతున్నారు. సామాన్ల బండ్లు కీచుమంటున్నాయి. సిబ్బంది వ్యాను హారన్ కొట్టింది.

"చాలు మాస్టారూ, పిలుస్తున్నారు."

"ఉండమ్మా" అన్నాడాయన, గడియారం మీంచి కళ్లు తిప్పకుండా. "ఇంకా నిమిషం కాలేదు."